‘అక్కడ మనోళ్లు ఎవరన్నా ఉన్నరా?’ – ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎప్పుడు, ఎట్లా అడగాలి?

ఇంటర్వ్యూ దాదాపు అయిపోయింది. డిగ్రీ మార్కులు, ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు అన్నీ అడిగారు. చివర్లో అవతలి మనిషి ఫైలు మూస్తూ, "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకు వెళ్లే మన పిల్లల్లో చాలామంది "నో సర్, థాంక్యూ" అని లేచి వచ్చేస్తారు.

అసలు ప్రశ్నలు ఇంటికొచ్చాక మొదలవుతాయి. "అక్కడ మనోళ్లు ఎవరన్నా ఉన్నరా?" అని అమ్మీ అడుగుతుంది. "జుమాకు పోనిస్తరా?" అని అబ్బా అడుగుతాడు. "హిజాబ్ తీయమంటే ఏం జేస్తవ్?" అని నానీ అడుగుతుంది. ఒక్కదానికీ పిల్ల దగ్గర జవాబు ఉండదు. అడగాల్సిన చోట అడగలేదు కాబట్టి.

కంపెనీల భాషలో దీన్నే ‘డైవర్సిటీ’ అంటారు. అంటే ఒక ఆఫీసులో ఎన్ని రకాల మనుషులున్నారు, తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లను ఎట్లా చూస్తారు అని. మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్న ప్రశ్నే. కాకపోతే దాన్ని ఇంటర్వ్యూ గదిలో అడిగే తీరు, అడిగే సమయం తెలియాలి. తొందరపడి అడిగితే కొలువు పోతుందేమోనని భయం. అడగకుండా చేరితే మూడు నెలలకే తిరిగి రావాల్సి వస్తుందేమోనని ఇంకో భయం. రెండూ ఉత్త భయాలు కావు.

ఇంటర్వ్యూ ఉండేది ఎక్కువగా ప్రైవేటులోనే

సర్కారీ నౌకరీల్లో ఇంటర్వ్యూలు బాగా తగ్గిపోయాయి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గ్రూప్ డి, గెజిటెడ్ కాని గ్రూప్ బి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా 2022లో ఇంటర్వ్యూలు ఎత్తేశారు. రాష్ట్ర సర్కారు కొలువుల్లో 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. రోస్టర్ ఉంటుంది, నోటిఫికేషన్‌లో పోస్టుల లెక్క ఉంటుంది. ఎవరికి ఎన్ని అన్నది ముందే కాగితం మీద కనిపిస్తుంది.

ప్రైవేటులో ఆ కాగితం లేదు. ఐటీ కంపెనీ అయినా, బ్యాంకు అయినా, ఆస్పత్రి అయినా, బట్టల షోరూం అయినా ఎవరిని తీసుకోవాలన్నది ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ మొదలైన తర్వాత సొంత జిల్లాలోనే ఇలాంటి ఇంటర్వ్యూలు ఇవ్వాల్సిన పిల్లలు పెరిగారు. కాబట్టి ఈ సంగతి ఇక హైదరాబాద్ వెళ్లేవాళ్లదే కాదు.

‘డైవర్సిటీ’ అన్నప్పుడు కంపెనీ ఏం లెక్కపెడుతుంది?

ఇది ముందే తెలుసుకోకపోతే ప్రశ్న ఒకటి, జవాబు ఒకటి అవుతుంది. మన దేశంలో హెచ్‌ఆర్ వాళ్లు డైవర్సిటీ అన్నారంటే ఎక్కువగా మహిళల సంఖ్య గురించి, ఆ తర్వాత వికలాంగుల గురించి చెబుతున్నారని అర్థం. మతం, కులం ఆ లెక్కలో సాధారణంగా ఉండవు. "మా దగ్గర డైవర్సిటీ బాగుంది, 35 శాతం లేడీస్ ఉన్నారు" అని ఒకరు చెప్పారనుకుందాం. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అమ్మీ అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

లెక్కలు దొరికే చోటు కూడా ఒకటుంది. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 కంపెనీలు ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన పెట్టింది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది తప్పనిసరి. పూర్తి పేరు బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్. కంపెనీ వెబ్‌సైట్‌లో, వార్షిక నివేదికతో పాటు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఉద్యోగుల్లో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, వికలాంగులెందరు, పెద్ద పదవుల్లో మహిళలెందరు, ఏడాదిలో ఎంత శాతం మంది మానేసి వెళ్లారు, ప్రసూతి సెలవు తర్వాత ఎందరు తిరిగి పనిలో చేరారు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి అన్నవి అందులో ఉంటాయి. బీకాం చదివిన పిల్లలకు బ్యాలెన్స్ షీట్ చూడడం నేర్పిస్తారు. ఇంటర్వ్యూకు ముందు ఈ పేజీలు కూడా ఒక్క గంట చూస్తే చాలు, చాలా సంగతులు తెలుస్తాయి.

మతం గడి మాత్రం అందులో లేదు. 2006 నవంబర్‌లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక సమాన అవకాశాల కమిషన్ పెట్టాలని, సంస్థల్లో వైవిధ్యాన్ని కొలిచే సూచీ ఒకటి తయారు చేయాలని చెప్పింది. ఆ సూచీ మీద 2008లో నిపుణుల బృందం నివేదిక కూడా ఇచ్చింది. అది కంపెనీలను కట్టిపడేసే చట్టంగా మారలేదు. అందుకే ఆ గడి ఖాళీగా ఉంది, ఆ ప్రశ్న అభ్యర్థి మీదే పడింది.

భయం ఉత్తది కాదు

ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు మొత్తం 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హతలు ఒకే తీరుగా ఉన్నవే, పేరు మాత్రమే మార్చి పంపారు. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని 1 అనుకుంటే దళిత పేరుకు అది 0.67, ముస్లిం పేరుకు 0.33 అని తేలింది.

2022లో లెడ్‌బై ఫౌండేషన్ ఇలాంటి పరీక్షే ఆడపిల్లల పేర్లతో చేసింది. హబీబా అలీ, ప్రియాంక శర్మ అని రెండు కల్పిత పేర్లు పెట్టి, ఒకే రకం రెజ్యూమేలను పది నెలల్లో 1,000 ఉద్యోగాలకు పంపారు. ప్రియాంకకు 208 సానుకూల జవాబులు వచ్చాయి. హబీబాకు 103 వచ్చాయి. సగం కన్నా తక్కువ.

ఈ అంకెలు చూసి పిల్లలు ఢీలా పడాల్సిన పని లేదు. హబీబాకు కూడా 103 చోట్ల తలుపు తెరుచుకుంది. దీంట్లోంచి తీసుకోవాల్సింది ఏమిటంటే, చాలాసార్లు వడపోత ఇంటర్వ్యూ కన్నా ముందే, రెజ్యూమే దగ్గరే జరిగిపోతోంది. మన దగ్గర ఇప్పటికీ పాత బయోడేటా పద్ధతిలో తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, ఫోటో అన్నీ రాస్తున్నారు. కంపెనీ అడగనప్పుడు ఇవేవీ రాయనక్కర్లేదు. ఇందులో దాచిపెట్టడం ఏమీ లేదు. పనికి సంబంధం లేనిది కాగితం మీద ఎందుకు, అంతే.

చట్టం ఎంతవరకు తోడుంటుంది?

రాజ్యాంగం 16వ అధికరణం మతం పేరుతో వివక్ష చూపొద్దని గట్టిగా చెప్పింది. అయితే అది ప్రభుత్వ ఉద్యోగాలకు. ప్రైవేటు కంపెనీ మతం చూసి ఉద్యోగం నిరాకరించకూడదని నేరుగా చెప్పే సమగ్రమైన చట్టం దేశంలో ఇంకా లేదు. ఎంపీ శశి థరూర్ వివక్ష వ్యతిరేక బిల్లు ఒకటి ప్రైవేటు మెంబర్ బిల్లుగా పెట్టారు. అది చట్టం కాలేదు.

వేరే దేశంలో చట్టం ఉంటే ఏం జరుగుతుందో ఒక కేసులో కనిపిస్తుంది. 2008లో అమెరికాలోని టల్సా పట్టణంలో సమంతా ఎలాఫ్ అనే 17 ఏళ్ల అమ్మాయి అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ బట్టల దుకాణంలో ఇంటర్వ్యూకు హిజాబ్‌తో వెళ్లింది. అర్హత ఉందని మార్కులు వేశారు. కానీ ఉద్యోగులు తలపై ఏమీ పెట్టుకోకూడదనే తమ నియమానికి హిజాబ్ అడ్డమని లోలోపల అనుకుని ఉద్యోగం ఇవ్వలేదు. "రోజూ ఇది వేసుకుంటావా?" అని ఆమెను వాళ్లు అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. 2015 జూన్ 1న అమెరికా సుప్రీంకోర్టు 8-1 తీర్పుతో ఆమె పక్షాన నిలిచింది. అభ్యర్థి నోరు తెరిచి అడగకపోయినా, మతపరమైన వెసులుబాటు ఇవ్వాల్సి వస్తుందన్న ఉద్దేశంతో ఉద్యోగం నిరాకరిస్తే అది చట్టవిరుద్ధమే అని తేల్చింది.

మన దగ్గర అలాంటి అండ లేదు కాబట్టి ఎవరికి వాళ్లు ముందే కనుక్కోవాలి. ఉన్న చట్టాలను కూడా తెలుసుకొని ఉండాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది కన్నా తక్కువ ఉన్న దుకాణాలు, క్లినిక్‌లలో పనిచేసేవాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలో పిల్లల సంరక్షణ సదుపాయం ఉండాలని చట్టం చెబుతోంది. వికలాంగుల హక్కుల 2016 చట్టం కింద సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇవి ఉన్నాయా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఈ ప్రశ్నకు ఎవరూ మతం రంగు పూయలేరు. పైగా చట్టాన్ని పాటించే ఆఫీసా కాదా అన్నది దీంతోనే సగం తెలిసిపోతుంది.

మూడు దశల్లో అడగాలి

అన్నీ ఒకేసారి అడగకూడదు. దశలవారీగా పోవాలి.

మొదటి దశ: ఇంటర్వ్యూకు ముందు. ఈ దశలో కంపెనీని అడగాల్సింది ఏమీ ఉండదు, మనమే వెతుక్కోవాలి. పెద్ద కంపెనీ అయితే బీఆర్‌ఎస్‌ఆర్ చూడాలి. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ ఉద్యోగుల పేర్లు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏ హోదాకు ఎదిగారు అన్నవి కనిపిస్తాయి. మన కాలేజీ సీనియర్లు ఎవరైనా ఉంటే ఒక్క ఫోన్ చేయాలి. అక్కడ మానేసి వచ్చినవాళ్లతో మాట్లాడితే ఇంకా మంచిది.

రెండో దశ: ఇంటర్వ్యూ గదిలో. ఇక్కడ సొంత అవసరాల గురించి కాకుండా టీం గురించి, పద్ధతుల గురించి అడగాలి. కొన్ని ప్రశ్నలు ఇలా ఉండొచ్చు:

– నేను చేరబోయే టీంలో ఎంతమంది ఉన్నారు? జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, మహిళలు ఎంతమంది?
– కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఆరు నెలలు పని నేర్పేదెవరు?
– ఇంక్రిమెంట్, ప్రమోషన్ ఏ లెక్కన ఇస్తారు? గత రెండేళ్లలో ఈ టీం నుంచి ఎవరైనా పైకి వెళ్లారా?
– టీంలో ఎవరితోనైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి? చెప్పిన తర్వాత ఏం చేస్తారు?

ఇవన్నీ పని మీద శ్రద్ధ ఉన్న మనిషి అడిగే ప్రశ్నలే. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. రెండు ప్రశ్నలు చాలు, నాలుగూ ఒకేచోట అడగనక్కర్లేదు.

మూడో దశ: ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు. అసలు మాట మాట్లాడాల్సింది ఇప్పుడే. అంతవరకు వాళ్లు మనల్ని ఎంచుకుంటున్నారు. ఆఫర్ వచ్చాక ఎంచుకునే వంతు మనది. జుమా నమాజ్, ఈద్ సెలవులు, రంజాన్ వేళలు, డ్రెస్ కోడ్, రాత్రి షిఫ్టు ఉంటే ఇంటికి చేర్చే బండి, ఇవన్నీ సూటిగా, మర్యాదగా, వీలైతే మెయిల్‌లో అడగాలి. ఉదాహరణకు: "శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన కోసం నాకు గంటసేపు కావాలి. ఆ గంట సాయంత్రం కలిపి పనిచేస్తాను. టీంలో ఇది కుదురుతుందా?" బతిమాలినట్టు ఉండదు, గొడవ పెట్టుకున్నట్టూ ఉండదు. అవసరం చెప్పి, దానికి దారి కూడా చూపినట్టు ఉంటుంది.

హిజాబ్ విషయం కొంచెం వేరు. వేసుకునే అమ్మాయి ఇంటర్వ్యూకు కూడా వేసుకునే వెళుతుంది కాబట్టి అది అప్పటికే అందరికీ కనిపిస్తూ ఉంటుంది. యూనిఫాం ఉండే చోట్ల, అంటే ఆస్పత్రులు, షోరూంలు, హోటళ్లలో మాత్రం "యూనిఫాం రంగులోనే స్కార్ఫ్ కట్టుకోవచ్చా?" అని ఇంటర్వ్యూ రోజే అడిగేయడం మేలు. ఒకవేళ వద్దంటే ఆ రోజే తెలిసిపోతుంది. హాస్టల్ అడ్వాన్స్ కట్టి, సామాన్లు సర్దుకుని పోయాక తెలిస్తే నష్టం ఎక్కువ.

ఇక్కడే బాండు సంగతి కూడా అడగాలి. ఎన్నాళ్ల బాండు, ముందే మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా అని. వాతావరణం బాగాలేకపోతే బయటికి రాగలమా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

రంజాన్ వేళల మీద ఒక అపోహ

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఉన్న ఇళ్లల్లో ఒక అపోహ ఉంటుంది. సౌదీలో రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులకు రోజుకు ఆరు గంటలే పని అని కార్మిక చట్టమే చెబుతుంది. మన దగ్గర అలా లేదు. తెలంగాణ సర్కారు 2025 రంజాన్‌లో మార్చి 2 నుంచి 31 వరకు ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అది సర్కారు ఆఫీసులకు, అక్కడి కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి. ప్రైవేటు కంపెనీకి అది వర్తించదు. అక్కడ ఏ వెసులుబాటైనా మాట్లాడుకుని తెచ్చుకోవాల్సిందే.

జవాబు ఎట్లా వినాలి?

"మా దగ్గర అలాంటి తేడాలు ఏమీ లేవండీ, అందరం ఒకే కుటుంబం." చాలాచోట్ల వచ్చే జవాబు ఇది. వినడానికి బాగుంటుంది కానీ ఇందులో సమాచారం ఏమీ లేదు. దీనికి బదులు "ఇప్పుడు మా టీంలో మహిళలు ఇద్దరే ఉన్నారు, ఈ ఏడాది ఇంకో ముగ్గురిని తీసుకుంటున్నాం" అని ఒకరు చెబితే సంఖ్య తక్కువైనా అది నమ్మదగిన మాట. పండుగ సెలవుల గురించి అడిగితే "ఏడాదికి ఇన్ని ఆప్షనల్ సెలవులున్నాయి, జాబితా పంపిస్తాం" అన్నారంటే ఆలోచించి పెట్టుకున్న పద్ధతి ఉందని అర్థం. "అవన్నీ మీ మేనేజర్ ఇష్టం" అన్నారంటే మేనేజర్ మారిన రోజు మన పరిస్థితీ మారుతుందని అర్థం.

అడగగానే ముఖం మారిపోయినా, నవ్వి దాటేసినా, ఎదురు "ఎందుకు అడుగుతున్నారు?" అని గుచ్చి అడిగినా అదీ ఒక జవాబే. ఇంట్లో అప్పులు, తమ్ముడి ఫీజు, నాన్న మందులు ఇవన్నీ ఉన్నప్పుడు అలాంటి చోట కూడా చేరాల్సి రావచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. తెలిసి చేరడానికి, తెలియక చేరడానికి తేడా ఉంది. తెలిసి చేరినవాళ్లు ఏడాది అనుభవం సంపాదించుకుంటూనే ఇంకో కొలువు వెతుక్కుంటారు.

ఎవరైనా మతం పేరు చెప్పి నిరాకరిస్తే, అది రాతలో ఉంటే ఆ మెయిల్, మెసేజ్ జాగ్రత్తగా పెట్టుకోవాలి. 2015 మేలో ముంబైలో ఒక ఎంబీఏ కుర్రాడికి ఒక ఎగుమతి సంస్థ నుంచి ముస్లిమేతరులను మాత్రమే తీసుకుంటామని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ చేతిలో ఉండడం వల్లే పోలీసులు కేసు నమోదు చేశారు, సంస్థ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జాతీయ మైనారిటీల కమిషన్‌కు, రాష్ట్ర మైనారిటీల కమిషన్‌కు కూడా ఫిర్యాదు చేయొచ్చు. కొలువు ఇప్పించే అధికారం కమిషన్‌కు లేకపోయినా వివరణ అడిగే అధికారం ఉంది.

చిన్న ఊళ్ల కొలువుల్లో

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్, ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ పని, జగిత్యాలలో ఒక ఫైనాన్స్ కంపెనీలో రికవరీ పని. ఇలాంటి చోట్ల హెచ్‌ఆర్ ఉండదు, బీఆర్‌ఎస్‌ఆర్ ఉండదు. ఇంటర్వ్యూ చేసేది యజమానే. ఇక్కడ కళ్లతో చూసేదే ఎక్కువ. పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చుంటే కౌంటర్ల దగ్గర ఎవరున్నారు, లోపలి గదుల్లో ఎవరున్నారు, ఆడవాళ్లకు వేరే టాయిలెట్ ఉందా, యజమాని కింది మనుషులను ఏమని పిలుస్తున్నాడు అన్నీ కనిపిస్తాయి. "ఇక్కడ అందరికన్నా పాత మనిషి ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు సేట్?" అని అడిగితే యజమాని సంతోషంగా చెబుతాడు. అందులోనే మనుషులు అక్కడ నిలుస్తున్నారో లేదో తెలుస్తుంది.

అదే చూపు మన దుకాణాల మీద కూడా పడాలి. మన వాళ్లు నడిపే షోరూంలు, స్కూళ్లు, మెడికల్ షాపులు, ట్రావెల్స్ జిల్లాల్లో తక్కువేమీ లేవు. అక్కడ ఇంటర్వ్యూకు వచ్చిన ఒక దళిత అబ్బాయి, ఒక గోండు అమ్మాయి "మీ దగ్గర మావాళ్లు ఎవరన్నా ఉన్నరా?" అని అడిగితే ఏం చెబుతాం? మన ఆడపిల్లలే అడిగితే ఏం చెబుతాం? ఇంకొకరిని అడిగే ముందు మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటే ఆ ప్రశ్నకు బలం వస్తుంది.

ఇక అమ్మీ ప్రశ్న దగ్గరికి వస్తే, "మనోళ్లు ఉన్నరా?" అన్నదాంతోనే ఆగిపోకూడదు. ఆఫీసులో పదిమంది మనోళ్లున్నా ఒక్కరికీ ప్రమోషన్ రాకపోతే అది మంచి చోటు కాదు. ఒక్కరూ లేకపోయినా, మొదటి మనిషిని మర్యాదగా చూసి, పని నేర్పి, జుమాకు గంట సర్దే ఆఫీసు మంచి చోటే. వచ్చేసారి "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నప్పుడు పిల్లలు "నో సర్" అని లేవకుండా కనీసం రెండు ప్రశ్నలు అడిగి రావాలి. ఆ రాత్రి ఇంట్లో అమ్మీకి, అబ్బాకు చెప్పడానికి వాళ్ల దగ్గర ఏదో ఒక జవాబు ఉంటుంది. చేరాలా వద్దా అన్నది అందరూ కూర్చుని ఆ జవాబు మీద మాట్లాడుకోవచ్చు.